కోవిడ్ అనంతర అభ్యసన పునరుద్ధరణ నిధులు – ఉపాధ్యాయ శిక్షణ: తెలుగు రాష్ట్రాల చారిత్రక నేపథ్యం

వ్యాససంగ్రహం

కోవిడ్ కాలంలో బడులు మూతపడటం వల్ల కలిగిన అభ్యసన నష్టాన్ని పూడ్చడానికి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో వెచ్చించిన నిధుల తీరును ఈ వ్యాసం చారిత్రక దృష్టితో పరిశీలిస్తుంది. పంతొమ్మిదో శతాబ్దపు ‘ఫలితాల గ్రాంటు’ మొదలుకొని ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం, జిల్లా ప్రాథమిక విద్యా పథకం, సర్వశిక్షా అభియాన్ మీదుగా 2021 నాటి ‘సాల్ట్’ పథకం వరకు నిధులు పాఠశాలకు చేరిన మార్గాలను చర్చిస్తుంది. భవనానికి, సామగ్రికి, పరీక్షకు నిధి సమకూర్చడం ప్రతి దశలోనూ సాధ్యమైంది. ఉపాధ్యాయుడు పిల్లవాడితోను, తోటి ఉపాధ్యాయులతోను గడిపే సమయానికి నిధి సమకూర్చడం మాత్రం ఒకటి రెండు సందర్భాల్లోనే జరిగిందని ఇందులో ప్రతిపాదించబడింది.

కీలకపదాలు: అభ్యసన నష్టం, ఫలితాల గ్రాంటు, ఉపాధ్యాయ కేంద్రం, వృత్త్యంతర శిక్షణ, సాల్ట్, నిపుణ్ భారత్, తొలిమెట్టు.

1. విషయప్రవేశం

2020 మార్చి మధ్యలో మూతపడిన ప్రాథమిక తరగతులు తెలంగాణలో 2021 సెప్టెంబరు 1 వరకు తెరుచుకోలేదు. తొమ్మిదో తరగతి, ఆపై వారికి 2021 ఫిబ్రవరి 1న, ఆరు నుంచి ఎనిమిది తరగతులకు అదే నెల 24న బడులు తెరిచినా, మార్చి 24న మళ్ళీ మూసివేశారు. ఒకటి నుంచి ఐదు తరగతుల పిల్లలకు ఆ నాలుగు వారాల అవకాశం కూడా దక్కలేదు. ఆంధ్రప్రదేశ్‌లో పరిస్థితి కొంత భిన్నం. అక్కడ 2020 నవంబరు 2న పై తరగతులు మొదలై, 2021 ఫిబ్రవరి 1 నుంచి ప్రాథమిక తరగతులు కూడా నడిచాయి. ఏప్రిల్ 20 నుంచి మళ్ళీ మూతపడి ఆగస్టు 16న తెరుచుకున్నాయి. అంటే ఏడాదిన్నర వ్యవధిలో ఆంధ్రప్రదేశ్‌లోని చిన్న పిల్లలు బడి ముఖం చూసింది రెండున్నర నెలలు. తెలంగాణ పిల్లలు అదీ లేదు. దూరదర్శన్ యాదగిరి, సప్తగిరి ఛానెళ్ళలో, టి-శాట్‌లో పాఠాలు ప్రసారమయ్యాయి. కాని చదవడం ఇంకా రాని పిల్లవాడికి, పక్కన వేలు పెట్టి చూపించే మనిషి లేకుండా, తెర మీద పాఠం అందదు.

ఈ విరామం ఫలితం 2022 అసర్ నివేదికలో కనిపించింది. గ్రామీణ ప్రాంతాల్లో మూడో తరగతి చదువుతూ రెండో తరగతి పాఠాన్ని చదవగలిగిన పిల్లలు దేశం మొత్తం మీద 2018లో 27.3 శాతం ఉండగా 2022 నాటికి 20.5 శాతానికి తగ్గారు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ సంఖ్య 22.6 నుంచి 10.3కు, తెలంగాణలో 18.1 నుంచి 5.2కు పడిపోయింది. ఈ అంకెలలో రెండు విషయాలు కలిసి ఉన్నాయి. మొదటిది మహమ్మారి కలిగించిన నష్టం. రెండోది అంతకుముందే ఉన్న లోటు. 2018లోనే తెలుగునాట మూడో తరగతి పిల్లల్లో ప్రతి ఐదుగురిలో నలుగురు ఒక తరగతి కింది పాఠాన్ని చదవలేకపోయారు. కనుక ‘పునరుద్ధరణ’ అనే మాటను కొంత జాగ్రత్తగా వాడవలసి ఉంటుంది. 2018 స్థితికి తిరిగి చేరడమే లక్ష్యమైతే అది చాలా చిన్న లక్ష్యం.

మరొక అంశాన్ని కూడా గమనించాలి. అసర్ పఠన పరీక్ష ప్రధానంగా ప్రాంతీయ భాషలో జరుగుతుంది. ఇదే కాలంలో రెండు రాష్ట్రాల ప్రభుత్వ పాఠశాలలూ ఆంగ్లమాధ్యమం వైపు మళ్ళాయి. తెలుగు పఠనంలో కనిపించిన క్షీణత ఎంతవరకు బడుల మూసివేత వల్ల, ఎంతవరకు మాధ్యమం మార్పు వల్ల అన్నది విడదీయడం కష్టం. భాషాబోధన పరిశోధకులు దృష్టి సారించవలసిన ప్రశ్న ఇది. ప్రస్తుత చర్చ నిధులకు సంబంధించినది కాబట్టి దీనిని ఇక్కడ సూచనగానే వదిలివేయడం జరుగుతోంది.

2. ఫలితాల గ్రాంటు: పంతొమ్మిదో శతాబ్దపు అనుభవం

పాఠశాల నిధులకు, పిల్లవాడి చదువుకు ముడివేయాలన్న ఆలోచన ప్రపంచబ్యాంకుతో మొదలైనది కాదు. కోస్తా జిల్లాలు మద్రాసు రాజధానిలో భాగంగా ఉన్నప్పుడే ఈ ప్రయోగం జరిగింది. 1850లలో గోదావరి ప్రాంతంలో సబ్ కలెక్టరు జి.ఎన్. టేలర్ చొరవతో నరసాపురం పరిసర గ్రామాల రైతులు తమపై తామే ఒక రుసుము వేసుకుని బడులు పెట్టుకున్నారు. ఈ ‘రేటు బడుల’ అనుభవం 1863 నాటి మద్రాసు విద్యాచట్టానికి, ఆపై 1871 నాటి స్థానిక నిధుల చట్టానికి దారితీసింది. చదువు కోసం ప్రత్యేకంగా సుంకం వసూలు చేయడం అనే పద్ధతికి తెలుగునేల మీద ఉన్న తొలి ఉదాహరణల్లో ఇది ఒకటి. 2004 కేంద్ర బడ్జెట్‌లో ప్రాథమిక విద్య కోసం 2 శాతం సెస్సు విధించినప్పుడు ఈ పూర్వచరిత్ర ఎవరికీ గుర్తుకు వచ్చినట్టు లేదు.

డబ్బు సమకూరాక దానిని ఎట్లా పంచాలన్న ప్రశ్న వచ్చింది. మద్రాసు ప్రభుత్వం ప్రాథమిక పాఠశాలలకు ‘ఫలితాల గ్రాంటు’ పద్ధతిని అనుసరించింది. ఇన్‌స్పెక్టరు బడికి వచ్చి ఒక్కొక్క పిల్లవాడిని చదవడంలో, రాయడంలో, లెక్కల్లో పరీక్షిస్తాడు. ఉత్తీర్ణులైన వారి సంఖ్యను బట్టి బడికి గ్రాంటు వస్తుంది. వీధిబడి పంతులుకు అది ఆదాయంలో ముఖ్యభాగం. పద్ధతి సులభం. ప్రభుత్వానికి ఖర్చు తక్కువ. వేలాది వీధిబడులను ప్రభుత్వ పర్యవేక్షణలోకి తెచ్చిన ఘనత కూడా దానిదే. కాని పరీక్షకు పనికివచ్చేదే పాఠమైంది. నిదానంగా నేర్చుకునే పిల్లవాడు పంతులు దృష్టిలో రాబడి లేని పిల్లవాడయ్యాడు. హంటర్ కమిషన్ 1882–83లో ఈ పద్ధతిపై సుదీర్ఘంగా చర్చించింది. కర్జన్ కాలంలో, 1904 విద్యావిధాన తీర్మానం నాటికి, ప్రభుత్వం దీని నుంచి వైదొలగింది.

ఈ పద్ధతిలో పంతులుకు శిక్షణ ఇచ్చే బాధ్యత గ్రాంటుది కాదు. ఆ పని నార్మల్ స్కూళ్ళకు వదిలివేశారు. ఫలితాన్ని కొనవచ్చునని, ఫలితాన్ని సాధించే మనిషి తనంతట తాను తయారవుతాడని అందులో అంతర్లీనంగా ఉన్న భావన. తరువాతి శతాబ్దిన్నరలో ఈ భావన పలు రూపాల్లో మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది.

3. ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం

స్వాతంత్ర్యానంతరం ఈ ధోరణికి భిన్నంగా నడిచిన ముఖ్యమైన ప్రయత్నం ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం. ఉపాధ్యాయుల నోట ‘అపెప్’గా స్థిరపడిన ఈ పథకానికి బ్రిటిష్ ప్రభుత్వపు విదేశీ అభివృద్ధి సంస్థ ఆర్థిక సహాయం చేసింది. 1980ల తొలి అర్ధభాగంలో కొద్దిపాటి పాఠశాలల్లో ప్రయోగాత్మకంగా మొదలై, 1989 నుంచి 1996 వరకు రాష్ట్రమంతటికీ విస్తరించింది. తరగతి గదుల నిర్మాణం కూడా ఇందులో ఉంది. అయినా ఈ పథకాన్ని గుర్తుంచుకోవలసింది దాని బోధనా సూత్రాల వల్ల, ఉపాధ్యాయ కేంద్రాల వల్ల.

అపెప్ సూత్రాలు ఆరు. ఉపాధ్యాయుడు తానే అభ్యసన కృత్యాలను రూపొందించుకోవాలి. పిల్లలు చేసి, ప్రయోగించి, కనుగొని నేర్చుకోవాలి. వ్యక్తిగత, జట్టు, తరగతి స్థాయి పనులు మూడూ జరగాలి. పిల్లల మధ్య ఉండే తేడాలను పట్టించుకోవాలి. స్థానిక పరిసరాలను వినియోగించుకోవాలి. పిల్లల పనిని గోడలపై ప్రదర్శించి తరగతి గదిని ఆసక్తికరంగా తీర్చిదిద్దాలి. నేటి విధాన పత్రాల్లో కొత్తగా కనిపించే ‘స్థాయికి తగిన బోధన’ అనే మాటలోని సారం నాలుగో సూత్రంలో అప్పుడే ఉంది.

సూత్రాలను కాగితం మీద రాయడం పెద్ద విషయమేమీ కాదు. వాటిని ఉపాధ్యాయులకు చేర్చిన పద్ధతి విశేషమైనది. తొలివిడత శిక్షణతో వ్యవహారం ముగిసేది కాదు. ఉపాధ్యాయుడు తన బడికి వెళ్ళి ప్రయత్నించి చూశాక అనుసరణ శిక్షణ ఉండేది. ఆపై చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులు ఒక ఉపాధ్యాయ కేంద్రంలో క్రమం తప్పకుండా కలుసుకునేవారు. చేసిన పాఠం చూపించడం, తయారుచేసిన ఉపకరణాన్ని తోటివారి ముందు ఉంచడం, ఎదురైన ఇబ్బందిని మాట్లాడుకోవడం ఆ సమావేశాల ఉద్దేశం. ఏకోపాధ్యాయ పాఠశాలలో ఒంటరిగా పనిచేసే మనిషికి మరొక ఉపాధ్యాయుడితో పాఠం గురించి మాట్లాడే అవకాశం అది. ఒక పథకం ఆ మాటలకు కాలాన్ని కేటాయించి, ఆ కాలానికి డబ్బు సమకూర్చింది. రాష్ట్ర విద్యాచరిత్రలో అపెప్ స్థానం ఇక్కడ ఉంది.

అపెప్ సర్వం సఫలమైందని చెప్పడానికి వీలులేదు. కంటికి కనిపించే సూత్రాలు తొందరగా అమలయ్యాయి. పిల్లల బొమ్మలు గోడలకు ఎక్కాయి, పిల్లలు గుండ్రంగా కూర్చున్నారు. కాని జట్టుగా కూర్చున్న పిల్లలు జట్టుగా పనిచేస్తున్నారా అన్నది వేరే ప్రశ్న. పిల్లల మధ్య తేడాలను బట్టి బోధించడం వంటి లోతైన మార్పు ఆ స్థాయిలో రాలేదు. లక్షకు చేరువైన ఉపాధ్యాయులకు అంచెలంచెలుగా శిక్షణ ఇచ్చినప్పుడు, పై అంచెలో ఉన్న స్పష్టత కింది అంచెకు వచ్చేసరికి పలుచబడటం సహజం. ఈ విమర్శ సరైనదే అయినా, దాని నుంచి తీయవలసిన పాఠం శిక్షణను తగ్గించమని కాదు. అనుసరణను పెంచమని. తరువాత జరిగింది వేరు.

4. శిక్షణకు ధర: రోజుకు 70 రూపాయలు

1994లో దేశంలో మొదలైన జిల్లా ప్రాథమిక విద్యా పథకం ఆంధ్రప్రదేశ్‌లో మొదట బ్రిటిష్ సహాయంతో విజయనగరం, నెల్లూరు, కర్నూలు, కరీంనగర్, వరంగల్ జిల్లాల్లోను, తరువాత ప్రపంచబ్యాంకు రుణంతో మరికొన్ని జిల్లాల్లోను అమలైంది. ఈ పథకం నిబంధనల్లో ఒకటి నేటి చర్చకు చాలా ముఖ్యం. నిర్మాణాలపై వ్యయం మొత్తం పథకపు వ్యయంలో 24 శాతం మించరాదు. తరువాత దీనిని 33 శాతానికి పెంచారు. గోడల మీదికే డబ్బంతా పోతుందన్న భయం నిబంధనలు రాసినవారికి ఉంది. ఆ భయం నిరాధారమైనది కాదు. కట్టడానికి కాంట్రాక్టు ఉంటుంది, కొలతల పుస్తకం ఉంటుంది, ప్రారంభోత్సవం ఉంటుంది. నాలుగో తరగతి పిల్ల వత్తులు, గుణింతాలు తడబడకుండా చదవడం మొదలుపెట్టిన రోజుకు ఇవేవీ ఉండవు.

సర్వశిక్షా అభియాన్ కాలానికి శిక్షణ ఒక ‘యూనిట్’గా మారింది. ప్రతి ఉపాధ్యాయుడికి ఏడాదికి 20 రోజుల వృత్త్యంతర శిక్షణ, రోజుకు 70 రూపాయలు. దీనికి తోడు బోధనోపకరణాల కోసం ఉపాధ్యాయుడికి ఏడాదికి 500 రూపాయలు, బడికి 2,000 రూపాయల గ్రాంటు. లెక్క కట్టడానికి ఈ పద్ధతి చక్కగా ఉంది. జిల్లాలో ఎంతమంది ఉపాధ్యాయులు, ఎన్ని రోజులు, ఎంత మొత్తం అన్నది ఒక గుణకారంతో తేలిపోతుంది. శిక్షణ పొందినవారి సంఖ్య ప్రగతి నివేదికలో చేరుతుంది. ఆ 20 రోజుల్లో ఏం జరిగింది, తరువాత తరగతి గదిలో ఏం మారింది అన్నవి మాత్రం ఆ గుణకారంలో ఇమడవు.

ఉపాధ్యాయ కేంద్రం స్థానాన్ని స్కూలు కాంప్లెక్సు సమావేశం ఆక్రమించింది. పేరు మారితే నష్టం లేదు. కాని ఈ సమావేశాలు పాఠం గురించిన మాటల నుంచి ఉత్తర్వుల పఠనానికి, సమాచార సేకరణకు జరిగాయన్నది ఉపాధ్యాయులు తరచు చేసే విమర్శ. మండల వనరుల కేంద్రాలు ఆచరణలో మండల విద్యాధికారి కార్యాలయపు పనులకు అలవాటుపడ్డాయి. 1986 జాతీయ విద్యావిధానం తరువాత ఏర్పడిన జిల్లా విద్యాశిక్షణ సంస్థలు పూర్వశిక్షణకు పరిమితమై, వృత్త్యంతర శిక్షణలో చేయవలసిన పాత్రను చేయలేకపోయాయి. అధ్యాపక పోస్టుల ఖాళీలు అందుకు పెద్ద కారణం.

ఈ దశలోనే ఆంధ్రప్రదేశ్‌లో జరిగిన ఒక పరిశోధన నిధుల విషయంలో అంతర్జాతీయ ప్రాధాన్యం పొందింది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ 2005 నుంచి రాష్ట్రంలోని గ్రామీణ ప్రభుత్వ పాఠశాలల్లో యాదృచ్ఛిక ప్రయోగాలు నిర్వహించారు. కొన్ని బడులకు నగదు గ్రాంటు ఇచ్చారు. మొదటి ఏడాది పిల్లల మార్కులు పెరిగాయి. రెండో ఏడాది ఆ గ్రాంటు ప్రభావం కనిపించలేదు. బడి పుస్తకాలు, పలకలు ఇస్తుందని ముందే తెలిసిన తల్లిదండ్రులు వాటిపై తాము పెట్టే ఖర్చును తగ్గించుకున్నారు. బీద కుటుంబానికి అది మేలే. కాని చదువు లెక్కలో కొత్తగా చేరింది లేదు. మరికొన్ని బడులకు ఒక అదనపు కాంట్రాక్టు ఉపాధ్యాయుడిని ఇచ్చారు. రెండేళ్ళ తరువాత అక్కడి పిల్లలు గణితంలో 0.16, భాషలో 0.15 ప్రామాణిక విచలనాల మేరకు ముందున్నారు. సామగ్రికి ఇంటివారు ప్రత్యామ్నాయం కాగలిగారు. తరగతిలో అదనంగా నిలబడిన మనిషికి ప్రత్యామ్నాయం ఇంట్లో దొరకలేదు.

అదే అధ్యయనంలో మరొక ఫలితం ఈ వ్యాసపు వాదనకు కొంత ఎదురుగా నిలుస్తుంది. పిల్లల ప్రగతిని బట్టి ఉపాధ్యాయులకు స్వల్ప బోనస్ ఇచ్చిన బడుల్లో రెండేళ్ళలో గణితంలో 0.27, భాషలో 0.17 ప్రామాణిక విచలనాల పెరుగుదల కనిపించింది. బోనస్ సగటున వార్షిక జీతంలో 3 శాతమే. ఫలితాల గ్రాంటును తీసివేసిన వందేళ్ళకు దాని దూరపు చుట్టం మళ్ళీ వచ్చి పనిచేసిందని దీనిని బట్టి అనవచ్చు. కాని ఒక తేడా ఉంది. వీధిబడి పంతులుకు గ్రాంటు జీవనాధారం. 2005 నాటి ఉపాధ్యాయుడికి స్థిరమైన జీతం ఉంది, బోనస్ దానిపైన. పైగా ఇందులో కొలిచింది ఉత్తీర్ణతను కాదు, ప్రతి పిల్లవాడి మెరుగుదలను. వెనుకబడిన పిల్లవాడిని వదిలేస్తే ఉపాధ్యాయుడికి లాభం లేదు.

5. మహమ్మారి కాలపు కేటాయింపులు

కోవిడ్ వచ్చేనాటికి నిధుల ప్రవాహానికి ఉన్న కాలువలు ఇవి. సర్వశిక్షా అభియాన్, మాధ్యమిక శిక్షా అభియాన్, ఉపాధ్యాయ విద్యాపథకం మూడూ 2018లో సమగ్రశిక్షలో కలిశాయి. నష్టం ఎక్కువగా ఉన్న ఏడాదిలో ఈ పథకానికి కేటాయింపు పెరిగి ఉంటుందని ఎవరైనా భావిస్తారు. 2020–21 బడ్జెట్ అంచనా 38,751 కోట్ల రూపాయలు. సవరించిన అంచనాలో అది 27,957 కోట్లకు తగ్గింది. బడులు తెరుచుకోవలసిన 2021–22కు కేటాయించినది 31,050 కోట్లు, అంటే ముందటేడాది అంచనా కంటే దాదాపు ఐదో వంతు తక్కువ. బడులు నడవనందువల్ల ఖర్చు కాలేదన్న సమర్థన సవరించిన అంచనాకు వర్తిస్తుంది. మరుసటి ఏడాది కోతకు వర్తించదు. మూతపడిన బడిని తెరవడానికి నడుస్తున్న బడి కంటే ఎక్కువ ఖర్చవుతుంది.

అమెరికాలో ఇందుకు భిన్నంగా జరిగింది. 2020 మార్చి నుంచి 2021 మార్చి వరకు మూడు చట్టాల ద్వారా పాఠశాలలకు సుమారు 190 బిలియన్ డాలర్ల అత్యవసర నిధి అందింది. మూడో చట్టం కింద జిల్లాలకు అందిన వాటాలో కనీసం 20 శాతాన్ని అభ్యసన నష్టాన్ని పూడ్చడానికే వాడాలని చట్టంలోనే రాశారు. ఆ సంపదతో పోలిక పెట్టడం న్యాయం కాదు. గమనించవలసింది మొత్తాన్ని కాదు, నిబంధనను. జిల్లా ప్రాథమిక విద్యా పథకం గోడలకు పైపరిమితి పెట్టింది. ఆ చట్టం చదువుకు కిందిపరిమితి పెట్టింది. 2021లో తెలుగు రాష్ట్రాల్లో అమలైన పెద్ద పథకాల్లో ఈ రెండిట్లో ఏదీ ప్రధానంగా కనిపించదు.

ఆంధ్రప్రదేశ్‌లో ఆ కాలపు అతిపెద్ద పాఠశాలా వ్యయం ‘నాడు–నేడు’. 2019 నవంబరు 14న ఒంగోలులో ప్రారంభమైన ఈ కార్యక్రమం మొదటి దశలో 15,715 బడులను 3,669 కోట్ల రూపాయలతో బాగుచేశారు. తెలంగాణలో 2022 మార్చిలో వనపర్తిలో ప్రారంభించిన ‘మన ఊరు–మన బడి’ మూడు దశల్లో 26,065 బడులకు 7,289 కోట్ల అంచనాతో రూపొందింది. మరుగుదొడ్లు, తాగునీరు, ప్రహరీ లేని బడిలో ఆడపిల్లల చదువు ఎట్లా సాగుతుందో గ్రామీణ ప్రాంతాలు తెలిసినవారికి వివరించనక్కరలేదు. కనుక ఈ వ్యయాన్ని వృథా అనడం తప్పు. ఎన్నో ఏళ్ళుగా చెల్లించవలసిన బాకీ అది. అయితే పాత బాకీ తీర్చడం, కొత్త నష్టాన్ని పూడ్చడం ఒకటి కావు. ఒకే బడ్జెట్ ప్రసంగంలో రెండూ కలిసిపోయినప్పుడు రెండోది కనిపించకుండా పోతుంది.

అభ్యసనమే లక్ష్యంగా వచ్చిన రుణపథకం ‘సాల్ట్’. ఆంధ్రప్రదేశ్ అభ్యసన పరివర్తనకు తోడ్పాటు అన్న అర్థంలో పెట్టిన పేరు అది. 2021 మార్చి 18న ప్రపంచబ్యాంకు 25 కోట్ల డాలర్లు, అప్పటి విలువలో సుమారు 1,800 కోట్ల రూపాయలు, మంజూరు చేసింది. 45 వేలకు పైగా ప్రభుత్వ బడులు, 6–14 ఏళ్ళ పిల్లలు 40 లక్షల మందికి పైగా, అంగన్‌వాడీల్లోని 10 లక్షల మందికి పైగా చిన్నారులు, దాదాపు 1,90,000 మంది ఉపాధ్యాయులు, 50 వేలకు పైగా అంగన్‌వాడీ కార్యకర్తలు దీని పరిధిలోకి వస్తారు. గిరిజన మండలాల్లోని 3,500 బడుల్లో ఏడాదిపాటు పూర్వప్రాథమిక శిక్షణ ఇందులోని మంచి అంశం. ఐదేళ్ళకు విస్తరించిన ఈ మొత్తం నాడు–నేడు మొదటి దశ వ్యయంలో సగం. అందులోనూ ఉపాధ్యాయ శిక్షణ ఒక భాగం మాత్రమే. 2020 జూన్‌లో మంజూరైన ‘స్టార్స్’ పథకం ఇంకొక నమూనా. కేరళ, మహారాష్ట్ర, ఒడిశా మొదలైన ఆరు రాష్ట్రాలకు ఉద్దేశించిన ఆ 50 కోట్ల డాలర్ల రుణంలో, ముందుగా అనుకున్న సూచికలు సాధించిన మేరకే నిధుల విడుదల. తెలుగు రాష్ట్రాలు రెండూ అందులో లేవు. ఫలితాల గ్రాంటు ఈసారి పంతులును దాటి ప్రభుత్వాల స్థాయికి చేరింది.

శిక్షణ రూపం కూడా మారింది. 2019 ఆగస్టులో ముఖాముఖి శిక్షణగా మొదలైన ‘నిష్ఠ’ను మహమ్మారి కాలంలో ఆన్‌లైన్‌కు మార్చారు. దేశంలో తొలిసారిగా 2020 జూలై 16న ఆంధ్రప్రదేశ్‌కు చెందిన 1,200 మంది కీలక వనరుల వ్యక్తులతో ఆన్‌లైన్ నిష్ఠ ప్రారంభమైంది. తరువాత దీక్ష వేదికపై 18 మాడ్యూళ్ళుగా ఉపాధ్యాయులందరికీ అందింది. బడులు మూసి ఉన్న రోజుల్లో అంతకన్న మార్గం లేదు. ఖర్చు తక్కువ, ధ్రువపత్రం వెంటనే. అంచెల శిక్షణలో సమాచారం పలుచబడుతుందన్న పాత ఫిర్యాదు తీరింది కూడా, అందరూ ఒకే వీడియో చూస్తారు కనుక. కాని ఉపాధ్యాయ కేంద్రంలో జరిగిన పని, అంటే చేసి చూసి వచ్చి తోటివారితో మాట్లాడటం, ఈ రూపంలో లేదు. బడులు తెరిచాక అయినా ముఖాముఖి అనుసరణకు తగినంత నిధి కేటాయించి ఉంటే ఆన్‌లైన్ మాడ్యూలు మంచి తొలిమెట్టు అయ్యేది.

ప్రైవేటు ఉపాధ్యాయుల సంగతి ఒక పేరాలో చెప్పి వదిలేయదగినది కాదు. అయినా నిధుల చరిత్రలో దానికి దొరికిన చోటు అంతే. జీతాలు ఆగిపోయిన ప్రైవేటు బడుల బోధన, బోధనేతర సిబ్బందికి తెలంగాణ ప్రభుత్వం 2021 ఏప్రిల్‌లో నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రకటించింది. ప్రభుత్వ బడుల్లో పనిచేస్తున్న వేలాది విద్యావాలంటీర్లను అదే కాలంలో పునర్నియమించలేదు. పిల్లలకు ఎక్కువ మంది మనుషులు కావలసిన సమయంలో, ఉన్న మనుషులు తగ్గారు.

6. తమిళనాడు ప్రయోగం: ఒక పోలిక

పొరుగున తమిళనాడు ప్రభుత్వం 2021 అక్టోబరులో ‘ఇల్లం తేడి కల్వి’, అంటే ఇంటి గడపకే చదువు, అనే కార్యక్రమం మొదలుపెట్టింది. సుమారు రెండు లక్షల మంది స్థానిక వాలంటీర్లు, ఎక్కువ మంది మహిళలే, సాయంత్రం వేళ తమ వాడలోని పిల్లలను చిన్న గుంపుగా కూర్చోబెట్టి చదివించారు. గౌరవభృతి నెలకు 1,000 రూపాయలు. మురళీధరన్, అభిజిత్ సింగ్, మారిసియో రొమేరో ఆ రాష్ట్రపు గ్రామాల్లో దాదాపు 19 వేల మంది పిల్లలను పరీక్షించారు. 2021 డిసెంబరు నాటికి పిల్లలు గణితంలో 0.7, భాషలో 0.34 ప్రామాణిక విచలనాలు వెనుకబడి ఉన్నారు. బడులు తెరిచిన ఆరు నెలల్లో ఆ లోటులో మూడింట రెండు వంతులు పూడింది. పూడిన దానిలో 24 శాతం ఈ సాయంకాలపు చదువు వల్లనేనని వారి అంచనా.

నెలకు వెయ్యి రూపాయలతో చదువుకున్న మహిళల శ్రమను తీసుకోవడం న్యాయమా అన్న ప్రశ్న తప్పక అడగాలి. దీనిని శాశ్వత పరిష్కారంగా సూచించడం కూడా సరికాదు. కాని ఇక్కడ డబ్బు వెళ్ళిన చోటు గమనించదగినది. అది పిల్లల పక్కన కూర్చున్న మనిషి కాలానికి వెళ్ళింది. నష్టాన్ని పూడ్చింది ప్రధానంగా బడి తెరవడమే, అంటే మళ్ళీ ఉపాధ్యాయుడే. అదే సమయంలో ఆంధ్రప్రదేశ్ 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు, వారి ఉపాధ్యాయులకు కలిపి సుమారు ఐదు లక్షల ట్యాబ్‌లు పంచింది. రెండింటినీ ఒకే కొలతతో కొలిచిన అధ్యయనం లేకుండా ఏది మేలని తీర్పు చెప్పడం తగదు. అయితే చదవడం రాని పిల్లలు ఎక్కువగా ఉన్నది కింది తరగతుల్లో.

7. ఒకే ఉపాధ్యాయుడు, అనేక పథకాలు

2021 జూలై 5న ప్రారంభమైన నిపుణ్ భారత్, మూడో తరగతి ముగిసేసరికి ప్రతి పిల్లవాడూ అర్థం చేసుకుంటూ చదవాలని, 2026–27 నాటికి ఆ స్థితి రావాలని లక్ష్యం పెట్టుకుంది. దానికి అనుగుణంగా తెలంగాణ 2022 ఆగస్టు 15న ఒకటి నుంచి ఐదు తరగతులకు ‘తొలిమెట్టు’ మొదలుపెట్టింది. ఇదే ఏడాది అక్కడి ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు ఆంగ్లమాధ్యమం ప్రవేశించింది, ఉపాధ్యాయులకు అందుకోసం ప్రత్యేక శిక్షణ జరిగింది. వేసవిలో ఇంగ్లీషులో బోధించడం నేర్చుకున్న ఉపాధ్యాయుడే ఆగస్టులో తెలుగు అక్షరాల పునాదిని మళ్ళీ వేయడం మొదలుపెట్టాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 జూన్ నాటి 117వ నంబరు ఉత్తర్వు ప్రకారం మూడు, నాలుగు, ఐదు తరగతులను అనేకచోట్ల ప్రాథమిక బడి నుంచి విడదీసి ఉన్నత పాఠశాలలకు చేర్చారు. నష్టం ఎక్కువగా జరిగిన తరగతుల పిల్లలు, బడి తెరిచిన ఏడాదిలోపే, బడినీ పంతులునూ మార్చవలసి వచ్చింది. ఆ ఉత్తర్వును 2025లో ఉపసంహరించారు.

శిక్షణ పొందవలసిన ఉపాధ్యాయుల సంఖ్యే తగ్గుతూ ఉండటం ఈ కాలపు మరొక లక్షణం. ఆంధ్రప్రదేశ్‌లో 2018 డీఎస్సీ తరువాత మళ్ళీ పెద్ద నియామక ప్రకటన 2025 ఏప్రిల్‌లో, 16,347 పోస్టులకు, వెలువడింది. తెలంగాణలో 2017 నాటి 8,792 పోస్టుల తరువాత 2024 ఫిబ్రవరిలో 11,062 పోస్టులకు ప్రకటన వచ్చింది. అంటే అభ్యసన పునరుద్ధరణకు కేటాయించుకున్న కాలమంతా రెండు రాష్ట్రాల్లోనూ భర్తీకాని ఖాళీలతోనే గడిచింది. ఏకోపాధ్యాయ పాఠశాల నుంచి ఆ ఒక్కరినీ శిక్షణకు పిలిస్తే ఆ రోజు బడి ఉండదు. శిక్షణకు బదులు ఉపాధ్యాయుడిని సమకూర్చే ఖర్చు ఏ పథకపు యూనిట్ ధరలోనూ ప్రధానాంశంగా కనిపించదు.

2024 అసర్ నివేదిక ప్రకారం దేశంలో మూడో తరగతి పఠన సామర్థ్యం 27.1 శాతానికి చేరింది, అంటే దాదాపు 2018 స్థాయికి. ఈ కోలుకోవడం నిజమైనదే. కాని 2024లో మూడో తరగతిలో ఉన్నవారు మహమ్మారి కాలంలో ఇంకా బడిలో చేరని పిల్లలు. బడి మూతపడినప్పుడు అక్షరాల మధ్యలో ఉన్నవారి లెక్క ఆ అంకెలో లేదు. 2020 మార్చిలో తెలంగాణలోని ఒక ప్రభుత్వ ప్రాథమిక బడిలో మూడో తరగతి చదువుతున్న పిల్ల 2021 సెప్టెంబరులో ఐదో తరగతిలో కూర్చుంది. తొలిమెట్టు మొదలైన 2022 ఆగస్టుకు ఆమె ఆరో తరగతి, కనుక ఆ పథకం పరిధిలో లేదు. నిపుణ్ భారత్ మూడో తరగతితో ఆగుతుంది కాబట్టి అందులోనూ లేదు. ఉన్నత పాఠశాలలో ఆమెకు దొరికే విషయోపాధ్యాయులు అక్షరాలు నేర్పే పద్ధతిలో శిక్షణ పొందినవారు కారు. ‘ఉన్నతి’ పేరుతో పై తరగతులకు అభ్యసన కార్యక్రమం తరువాత వచ్చింది. 2026–27లో, నిపుణ్ భారత్ తన లక్ష్యాన్ని లెక్కచూసుకునే సంవత్సరంలో, ఆమె పదో తరగతి పరీక్ష రాస్తుంది.